మునేటి మిట్ట మన్ను

మొన్నామధ్య కళ్ళ డాక్టరుకి చూపించుకోవడానికి జగ్గయ్యపేట నుంచి నందిగామ బయలుదేరితే, చిల్లకల్లు దాటిన కాసేపటికే బస్సు ఆగిపోయింది. ముందెక్కడో సిమెంటు లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా పడిందట, అది లేచేదాకా ఇంతే సంగతులని చెప్పి కండక్టరు దిగి చెట్టు నీడకి పోయాడు. ముందు లారీలు, వెనక లారీలు, ఒక పక్క డివైడరు. మన వయసువాళ్ళకి వేరే చెప్పాలా, ఈ మోకాళ్ళతో దిగితే మళ్ళీ ఎక్కడం ఒక ప్రయాస, దిగకపోతే ఉక్కపోత. చేసేదేమీ లేక కిటికీలోంచి చూస్తే పక్కనే ఒక వ్యాను ఆగి ఉంది. దాని నిండా అరల మీద అరలుగా నల్లటి ప్లాస్టిక్ ట్రేలు, ట్రే నిండా చిన్న చిన్న గుంటలు, గుంటకొక మిరప మొక్క. వ్యాను నడిపే ఆయన నడివయసు మనిషి, సీసాతో వాటి మీద నీళ్ళు చిలకరిస్తున్నాడు. ఏ మట్టిలో పోశారు బాబూ ఈ నారు అని ఊరికే ఉండలేక అడిగాను. "మట్టెక్కడిదండీ, అంతా కొబ్బరి పొట్టే" అని ఒక మొక్కని కాడ పట్టుకుని పైకి లాగి నా కిటికీ దగ్గరికి తెచ్చి చూపించాడు. వేళ్ళు ఆ గుంట ఎలా ఉందో అలాగే, నాలుగు పలకలుగా, దారి లేక తమలో తామే చుట్టుకుని ఉన్నాయి. నాకు ఒక్కసారిగా మా మిట్ట గుర్తుకొచ్చి, ఆ తర్వాత ఉక్కపోత సంగతి మరిచిపోయాను.

మా ఊరు నందిగామకి ఎగువన మునేటి ఒడ్డున ఉంటుంది. ఊరికి మూడు వైపులా నల్లరేగడి, నాలుగో వైపు ఏరు. రేగడి వాన పడిందంటే కాలు పెట్టనివ్వదు, పెట్టిన కాలు తియ్యనివ్వదు. బండి కదిలిస్తే చక్రాలు ఇరుసుదాకా దిగబడి ఎడ్లు మోకాళ్ళ మీద కూలబడేవి. అటు ఏరు నిండుగా పారుతుంటే, ఇటు రేగడి పట్టుకుంటే, తొలకరి దగ్గర్నుంచి దసరా దాకా మా ఊళ్ళోవాళ్ళు ఊళ్ళోనే. జబ్బు చేసినా, పెళ్ళి కుదిరినా, ఎవరైనా పోయారన్న కబురు వచ్చినా, బురదలో కాళ్ళీడ్చుకుంటూ నడిచిపోతే తప్ప, నేల ఆరేదాకా ఆగాల్సిందే.

ఏటికీ ఊరికీ మధ్యన, ఇసుకకి పైన, అరుగులాగా లేచిన బల్లపరుపు నేల ఒక పట్టీ ఉండేది. ఏ కాలంలోనో ఏరు తనే తెచ్చి పోసి, ఆ తర్వాత కిందకి కోసుకుపోతూ పైన వదిలేసిన నేల అది. దాన్ని మేం ఏటిమిట్ట అనేవాళ్ళం, అది మా ఇంటి భూమి. పెద్ద వరద వస్తే తప్ప నీళ్ళు దాని మీదకి ఎక్కవు, ఎక్కినా నిలవవు. గరప మన్ను, అటు ఇసుకా కాదు, ఇటు బంకా కాదు. తడిగా ఉన్నప్పుడు పిడికిట పట్టి నొక్కితే ఉండ అవుతుంది, బొటనవేలితో తాకితే విడిపోతుంది. నాన్న ఒకసారి అక్కడ గొయ్యి తవ్విస్తే మనిషి మునిగే లోతు పోయినా ఒక్క రాయి తగల్లేదు, రేగడి కింద తగిలే సున్నపు గులక తగల్లేదు, పైన ఉన్న మన్నే కిందా ఉంది, కాస్త రంగు తేలి. కందివేరు ఒకటి ఎవరో తాడు వదిలినట్టు నిటారుగా అంత లోతుకీ దిగి ఉంది. తెల్లవార్లూ కురిసినా పొద్దున్నే ఆ మిట్ట మీద చెప్పుల్లేకుండా నడవొచ్చు, మడమకి మన్ను అంటదు. వానాకాలంలో మా ఊళ్ళో ఒక మనిషి నాలుగడుగులు హాయిగా వేయగలిగిన చోటు అదొక్కటే.

మా నాయనమ్మ ఆ మన్నుని పిడికిట పట్టి, "రేగడి పట్టిందంటే వదలదు, ఇసుక అసలు పట్టదు. మన మిట్ట ఒక్కటే ఎంత కావాలో అంత పట్టి తక్కింది వదిలేస్తుందే" అనేది. మనుషుల విషయానికి వచ్చేసరికి మాత్రం ఆవిడది అచ్చంగా రేగడి పట్టు.

మిరప తోటలు రేగడిలో బ్రహ్మాండంగా పండుతాయి గానీ మిరప నారు దానిలో బతకదు. నీళ్ళు నిలిస్తే లేత కాడ మన్ను దగ్గర మెత్తబడి పక్కకి ఒరిగిపోతుంది. అందుకని చుట్టుపక్కల ఊళ్ళకి కావలసిన నారంతా మా మిట్ట మీదే పోసేవాళ్ళం. ఆషాఢంలో మళ్ళు కట్టి, విత్తనంలో బూడిద కలిపి పలచగా చల్లి, పైన సన్న మన్ను జల్లి, వరిగడ్డి కప్పి నీళ్ళు చిలకరిస్తే, వినాయక చవితి నాటికి కట్టలు కట్టి ఇచ్చేవాళ్ళం. నేను ఇంకా పరికిణీలు కట్టే రోజుల్లో ఒక ఆషాఢం నాయనమ్మ ముచ్చటపడి నా చేత విత్తనం చల్లించింది. ఆ యేడు ముసురు పట్టి, ఊళ్ళో పెరళ్ళలో పోసుకున్న వాళ్ళ నారంతా కుళ్ళింది, మాది నవనవలాడింది. నిజానికి ముసురు పట్టిన ప్రతి యేడూ జరిగేది అదే. అయినా ఆ యేడు చల్లింది ఒక ఆడపిల్ల కాబట్టి, ఇదంతా పిల్ల హస్తవాసి అంది నాయనమ్మ. నారు కొనడానికి వచ్చినవాళ్ళు ఆ మాటని బండ్లకెత్తుకుని పోయారు. మరుసటి యేటికి నేను పిల్లని కాను, చెయ్యిని.

హస్తవాసి గల చేతికి ఎన్ని కాపలాలో. పేడ కలపకూడదు, అంట్లు తోమకూడదు, చావు జరిగిన ఇంటి గడప తొక్కకూడదు. మొదట్లో నాకూ గొప్పగానే ఉండేది, అబద్ధమెందుకు; మా అక్క వాకిలి అలుకుతుంటే నేను అరుగు మీద కూర్చుని కాళ్ళూపేదాన్ని. తర్వాత తర్వాత తెలిసొచ్చింది. వేసవి సెలవులకి అమ్మమ్మగారింటికి పంపితే, తొలకరి ముందుగా పడి రేగడి దారి మూసుకుపోతే విత్తనం వేళకి రాలేనని, పంపడం మానేశారు. పెళ్ళిళ్ళకి అందరూ వెళ్తే నేను ఇంటికి కాపలా. వానాకాలం ఎగ్గొట్టీ, మిగతా కాలం నడిచీ, నందిగామ హైస్కూల్లో ఎలాగో పదకొండో క్లాసు, అప్పట్లో హైస్కూలుకి అదే ఆఖరు, గట్టెక్కాను. గట్టెక్కిన కొన్నాళ్ళకి మా హెడ్మాస్టరు గారు నాన్నకి కబురు పెట్టారు, బెజవాడలో టీచరు ట్రైనింగుకి నాకు సీటు వచ్చిందనీ, చవితి వెళ్ళగానే చేరాలనీ.

ఆ సీటు నాకు ఎంత కావాలో మీకు చెప్పలేను. బెజవాడ నేను చూడలేదు, టీచరు పని మీద నాకు అంత మోజూ లేదు. వానాకాలంలో కూడా బస్సులు తిరిగే ఊళ్ళో ఉండాలని ఒక్కటే కోరిక. నాయనమ్మ విననే వినలేదు. "చెయ్యి పోతే మిట్ట పోద్ది" అని తేల్చేసింది. పోకుండా ఉండడానికి ఆవిడ ఉపాయం కూడా సిద్ధంగా పెట్టుకుంది. వేదాద్రి దగ్గర దూరపు బంధువుల అబ్బాయిని ఇల్లరికం తెస్తే చెయ్యి ఇంట్లోనే ఉంటుందట, చవితి మర్నాడు తాంబూలాలట. నాన్న తల్లి ఎదుట నోరు విప్పే మనిషి కాదు. అమ్మ అయితే నా వైపు చూసి, వంటింట్లోకి పోయి, అక్కడ గిన్నెల మీద కోపం తీర్చుకుంది.

ఇక మా పిన్ని సంగతి చెప్పాలి. చిన్నాన్న పెళ్ళయిన కొద్ది కాలానికే విషజ్వరం వచ్చి పోయాడు. పిల్లల్లేరు. తెల్లచీరతో, బోసి చేతులతో పిన్ని ఆ ఇంట్లో ఉండిపోయింది. శుభకార్యానికి ఎదురు రాకూడదు, విత్తనం ముట్టకూడదు. ఏటి నుంచి మిట్ట మీదికి కుండలతో నీళ్ళు మొయ్యడానికి మాత్రం ఆవిడ చేతికి ఏ దోషమూ లేదు. చిల్లకల్లు నుంచి ఆవిడ అన్నగారు యేటా వచ్చి, తన దగ్గరికి వచ్చి ఉండమని అడిగి పోతుండేవాడు. ఆ యేడు చవితికి వెళ్ళిపోతానని పిన్ని నాతో ముందే చెప్పింది, ఉన్న రెండు చీరలూ ఉతికి మడత పెట్టుకుంది కూడా.

విత్తనం చల్లే రోజున దిష్టి తగులుతుందని మిట్ట మీదికి ఎవరినీ రానిచ్చేవారు కాదు. చల్లే చెయ్యి ఒకటి, నీళ్ళు మోసే మనిషి ఒకరు, అంతే. ఆ యేడు ఆషాఢంలో విత్తనాల చేట చంకన పెట్టుకుని మిట్ట ఎక్కి, మళ్ళ మధ్య నిలబడ్డాను. ముందు ఏరు ఎర్రగా పోతోంది, వెనక రేగడి నీళ్ళు పట్టి మెరుస్తోంది. నా బతుకంతా ఈ రెంటి మధ్యనే తెల్లారిపోతుందని అప్పుడు అర్థమైంది. చేట గట్టు మీద పెట్టి కూలబడ్డాను. పిన్ని కుండ దించి ఏమిటన్నట్టు చూసింది.

"నువ్వు చల్లు పిన్నీ" అన్నాను.

"నా చెయ్యా? మతుండే మాట్లాడుతున్నావా? మడంతా నాశనమైపోద్ది."

"అవ్వనీ. నాశనమైతే నన్ను వదిలేస్తారుగా."

నా ఆలోచన అంతే. దీన్ని ఇవాళ్టికీ నేను తప్పని ఒప్పుకోను. బోనులో ఉన్న ఎలుక కనపడ్డ చెక్కనల్లా కొరుకుతుంది. పిన్ని ఒకసారి ఊరి వైపు చూసింది. తర్వాత చేతులు ఏట్లో కడుక్కుని, చెంగుకి తుడుచుకుని వచ్చి, చేటలో చెయ్యి పెట్టింది. విత్తనాన్ని తీయలేదు, ఊరికే దానిలో చెయ్యి ఉంచుకుని నిలబడింది. ఆ తర్వాత చల్లడం మొదలుపెట్టింది, వంగిన నడుము ఎత్తకుండా, ఈ కొస నుంచి ఆ కొస దాకా. నేను గట్టు మీదే కూర్చున్నాను.

గడ్డి తీసే రోజు వచ్చేదాకా నేను రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, మొలవకూడదని. గడ్డి తీశారు. పచ్చగా, దువ్వెన పెట్టి దువ్వినట్టు, ఏ యేడూ లేనంత బాగా వచ్చింది నారు. ఆ యేడు ముసురు కూడా గట్టిగానే పట్టింది, ఊళ్ళో అందరి నారూ పోయింది, మా మిట్ట మీద కురిసిన చినుకు కురిసినట్టే కిందకి దిగిపోయింది. ఆ మన్నుకి చల్లింది ఎవరో ఏం పట్టింది గనక. నాయనమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. వేదాద్రి వాళ్ళకి తాంబూలాల కబురు ఖాయం చేసింది. నిజం చెబుదామంటే పిన్ని విత్తనం ముట్టిందని ఊరు ఆవిడని బతకనివ్వదు, చెప్పకపోతే నన్ను వదలరు. నేను తవ్వుకున్న గోతిలో నేనే పడ్డాను, పైగా ఆ గొయ్యి పచ్చగా కళకళలాడుతోంది.

చవితి ఇంక రెండు మూడు రోజులుందనగా నారు పీకడం మొదలైంది. బండ్లూ సైకిళ్ళూ రేగడి అవతలే వదిలి, రైతులు బురదలో నడిచొచ్చి కట్టలు మోసుకుపోయారు. మధ్యాహ్నం అందరూ వెళ్ళాక మిట్ట మీద మేం ముగ్గురమే మిగిలాం. నాయనమ్మ మిగిలిన మడి మీద అరచెయ్యి ఆనించి, మా అమ్మాయి చెయ్యి బంగారం అని మురుస్తోంది. నేను ఏడుపు ఆపుకోలేక అటు తిరిగాను. కట్ట కడుతున్న పిన్ని ఆ తాడు కింద పెట్టింది.

"ఆ చెయ్యి కాదత్తయ్యా. నాది" అంది.

నాయనమ్మ పిన్ని ముఖం చూడలేదు, బోసిగా ఉన్న ఆ చేతులు చూసింది. అరుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆవిడ వంగి పిడికెడు మన్ను తీసి, నొక్కి, వేళ్ళు విప్పింది. మన్ను విడిపోయి రాలింది. ఇంకో పిడికెడు తీసి మళ్ళీ నొక్కింది. దులుపుకుని ఇంటికి నడిచింది. సాయంత్రం నాన్నని పిలిచి, పిల్లని రేపు నందిగామ తీసుకెళ్ళి బస్సెక్కించమంది. వేదాద్రి వాళ్ళకి ఏం చెప్పి పంపిందో నాకు తెలియదు. మర్నాడు బండి వెళ్ళదని తెలిసి, చెప్పులు చేత పట్టుకుని, నాన్న వెనకాల రేగడిలో కాళ్ళు ఈడ్చుకుంటూ ఆ ఊరు దాటాను.

ఆవిడ మనసు కరిగిందని చాలాకాలం అనుకున్నాను. కరగలేదు. ఆవిడకి కావలసింది మిట్టకి ఒక చెయ్యి, అది దొరికింది. ఇద్దరం ఒక చోట ఉంటే ఎప్పటికైనా ఎవరో ఒకరి నోరు జారుతుంది కాబట్టి ఒకరిని వదిలింది, ఒకరిని పట్టుకుంది. అదే వారంలో చిల్లకల్లు నుంచి పిన్ని అన్నగారు వస్తే మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, "మా కోడలికి ఇక్కడ పనుందయ్యా" అని పంపేసింది. పిన్ని మడత పెట్టుకున్న చీరలు మళ్ళీ దండెం మీదికి ఎక్కాయి.

నేనూ పూర్తిగా విడుదల కాలేదు లెండి. ఊరికి మాత్రం చెయ్యి నాదే. అందుకని ట్రైనింగులో ఉన్నా, ఉద్యోగంలో చేరినా, పెళ్ళయి జగ్గయ్యపేట వచ్చినా, ప్రతి ఆషాఢం సెలవు పెట్టి వెళ్ళి, అందరూ చూస్తుండగా చేట పట్టుకుని మిట్ట ఎక్కాలి. ఎక్కి గట్టు మీద కూర్చుంటే పిన్ని చల్లేది. నాయనమ్మ పోయేదాకా ఇదే తంతు. మా హెడ్మిస్ట్రెస్ ఒకావిడ, ఈ ఆషాఢం జబ్బేమిటమ్మా మీకు అని వేళాకోళం చేసేది.

అలాంటి ఒక ఆషాఢంలో, నాకు పిల్లలు పుట్టాక, ఇంక ఉండబట్టలేక అడిగాను పిన్నిని, ఆ రోజు నోరు మూసుకుని మీ అన్న వెంట వెళ్ళిపోయి ఉంటే నీ దారిన నువ్వు ఉండేదానివి గదా అని. పిన్ని అప్పుడే చల్లడం ముగించి నడుము పట్టుకుని నిలబడింది.

"మా అన్న ఇల్లయినా ఒకళ్ళ ఇల్లే గదమ్మా. వెళ్ళినా నీళ్ళు మోసేదాన్నే. ఇక్కడైతే యేడాదికొక్క రోజు నేను చల్లింది మొలుస్తుంది" అంది. చేట దులిపి, "నా పేరున కాకపోతే మానె" అని కూడా అంది.

ఆ రెండో మాట నన్ను వదల్లేదు. రిటైరయ్యాక కూడా ఏదో పని చేసుకుంటూ ఉన్నట్టుండి వినపడుతుంది. నన్ను రేగడిలోంచి లాగి అవతల పడేసి తను అక్కడే నిలబడిపోయిన మనిషి, నా పేరు మీద నారు పోసింది బతుకంతా.

నాయనమ్మ పోయాక ఈ తంతు అడిగేవాళ్ళు లేకపోయారు. ఆ తర్వాత రోడ్డు వచ్చింది, రేగడి మీద కంకర పడింది, వానాకాలంలోనూ ఆటోలు తిరిగాయి. పొట్లాల విత్తనం, నీడ వలల కింద నర్సరీలు వచ్చాయి, మిట్ట నారు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. పిన్ని మాత్రం ఓపిక ఉన్నన్నాళ్ళు రెండు మళ్ళు పోస్తూనే ఉండేది. ఆవిడ పోయాక మిట్ట మా తమ్ముడి వాటాకి వచ్చింది. ప్లాట్లు మెరక చేసుకునేవాళ్ళకి మన్ను కావాలంటే వాడు అమ్మేశాడు. ఎంతో లోతు దాకా రాయి తగలని మన్ను కదా, పొక్లెయిన్లకి సుఖంగా ఉండి ఉంటుంది. పోయినసారి వెళ్తే చూశాను, మిట్ట ఉన్న చోట పెద్ద గొయ్యి, దాని నిండా నీళ్ళు, నీళ్ళలో గేదెలు. రాత్రి కురిస్తే తెల్లారేసరికి దింపేసుకునే నేల, ఇప్పుడు యేడాది పొడుగునా నీళ్ళు నిలవబెట్టుకుని ఉంది.

ఇవన్నీ ఆ బస్సులో కూర్చుని తలుచుకుంటుంటే, వ్యాను ఆయన మాట కలిపి మీది ఏ ఊరండీ అని అడిగాడు. పుట్టిన ఊరి పేరు చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. తనది కూడా ఆ పక్క ఊరేనట, వాళ్ళ నాన్న ప్రతి చవితికీ మా ఊరి నుంచే నారు తెచ్చేవాడట. "మీ ఊళ్ళో ఒకామె చేతి నారంటే చచ్చేది కాదంటండీ, మా నాన్న ఇప్పటికీ చెప్తాడు. ఎవరో పంతులమ్మంట. మీరెరుగుదురా ఆమెని?"

ముందు లారీ లేచినట్టుంది, బండ్లు కదులుతున్నాయి. కండక్టరు పరుగున వచ్చి ఎక్కాడు. నేను కిటికీ ఊచ పట్టుకుని ముందుకి వంగాను.

"ఎరుగుదును బాబూ. పంతులమ్మ కాదు. ఆవిడ మా పిన్ని. మీ నాన్నకి చెప్పు" అన్నాను.

అలాగేనండీ అని ఆయన చేతిలో ఉన్న మొక్కని నాకిచ్చేసి వ్యానెక్కాడు. ఇంటికి తెచ్చి బాల్కనీ కుండీలో పెట్టాను. కుండీలో ఉన్నది సంచి లెక్కన కొన్న మన్ను. నీళ్ళు పోస్తే పైనే నిలిచి, ఎంతసేపు చూసినా దిగలేదు. ఆఖరికి కుండీ వంచి పారబోశాను. ఇప్పుడు బస్సులు ఏ ఊరికైనా ఏ కాలమైనా తిరుగుతున్నాయి, నాకు కావలసింది అదే. ఆ మన్ను మాత్రం ఎక్కడా అమ్మకానికి లేదు, ఎవరి ఇళ్ళ కిందో ఉంది.